కోడలన్న మాట

మేడ మీది గది,
కళ్లజోళ్ల షాపు పైన

అమ్మాయీ,

ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం మర్యాద. అక్కడ క్షేమం లేదని తెలిసి కూడా అలా రాస్తే అది మర్యాద కాదు, మతిమరుపు. కనుక నేరుగా విషయానికొస్తున్నాను.

మొన్న నువ్వు ఫోను చేసినప్పుడు మా మనవరాలు దాన్ని నా చెవికి అంటించి పట్టుకుంది. అత్తయ్యగారికి పక్షవాతం వచ్చిందన్నావట. నాకు పక్షపాతం అని వినిపించింది. మా చెల్లెలికి అది పుట్టుకతోనే ఉంది, ఈ మాత్రం దానికి ఫోను దండగ ఎందుకనుకున్నాను. "అది మాకు చిన్నప్పటినుంచీ తెలిసిందేలేమ్మా, నువ్వే సర్దుకుపో" అని చెప్పి పెట్టేశాను. అవతల నువ్వు ఆ ఫోను పట్టుకుని ఎంతసేపు నిలబడ్డావో నాకు తెలియదు. సాయంత్రం మా అబ్బాయి షాపు మూసి పైకొచ్చి, పిన్ని ఆసుపత్రిలో ఉంటే నువ్వు పేపరు చదువుకుంటున్నావేమిటమ్మా అని అడిగాడు. అప్పటికి నేను ఆఖరి పేజీలో ఉన్నాను.

ఫోనుకూ నాకూ ఇక చెల్లు. ఉత్తరాలు రాయి. అక్షరం మెల్లగా మాట్లాడినా నాకు వినపడుతుంది.

మీ ఆయన కూడా ఒక కార్డు రాశాడు. "అమ్మకు బాగోలేదు. బాగవుతుంది." అంతే. వాడు చిన్నప్పుడు కూడా ఇంతే. ఇల్లంటుకుంటోందని చెప్పడానికి వచ్చి, చెప్పకుండా నా పక్కన కూర్చునే రకం. కనుక నువ్వే రాయాలి. చెయ్యి కదులుతోందా? తింటోందా? మనుషుల్ని గుర్తుపడుతోందా? తిడుతోందా? ఈ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. తిడుతోందంటే ప్రాణానికి భయం లేదు.

పెద్ద పెద్ద అక్షరాలతో రాయకు. నేను చెవిటిదాన్నే కాని గుడ్డిదాన్ని కాదు.

నీ పెద్దత్త

---

ఆసుపత్రి,
ఆడవాళ్ల వార్డు బయటి బెంచీ

పెద్దత్తయ్యగారికి నమస్కారాలు.

ఫోను సంగతి మనసులో పెట్టుకోలేదు. సర్దుకుపొమ్మన్నారు కదా, సర్దుకున్నాను.

కుడి చెయ్యి కదులుతోంది కాని పట్టు లేదు. కుడి కాలు ఈడుస్తున్నారు. తింటున్నారు. అందరినీ గుర్తుపడుతున్నారు. తిడుతున్నారు, కాని ఏమని తిడుతున్నారో ఎవరికీ అర్థం కావడం లేదు. నిన్న నర్సును పట్టుకుని "ఏం నిచ్చెనవే నువ్వు" అన్నారు. ఆ అమ్మాయికి కోపగించుకోవాలో వద్దో తెలియలేదు.

మాటలు నేర్పే థెరపిస్టు ఒకావిడ వస్తున్నారు. మనిషి తలలో మాటలు సొరుగుల్లో ఉంటాయట. అత్తయ్యగారికి ఏ సొరుగు తెరవాలో తెలుసు, చెయ్యి పక్క సొరుగులోకి పోతోంది. చెప్పాలనుకున్నదంతా సరిగ్గానే ఉంటుందట, పైకొచ్చే మాట ఒక్కటే మారిపోతుందట. ఇస్త్రీపెట్టెను పిల్లి అంటున్నారు. మన లాండ్రీలో పిల్లి వేడెక్కిందా అని రోజూ అడుగుతున్నారు. వేడెక్కిందని చెబితే తృప్తిగా కళ్లు మూసుకుంటున్నారు. మనం తప్పు దిద్దకూడదట. దిద్దితే భయపడి ఆ వచ్చే మాటలు కూడా మానేస్తారట.

ఇంకొకటి. నన్ను అత్తయ్యగారూ అంటున్నారు.

ఇన్నేళ్లలో ఆవిడ నన్ను పిలిచిన పిలుపు "ఇదిగో". పరాయివాళ్లతో చెప్పేటప్పుడు మాత్రం మా కోడలు. ఇప్పుడు నేను వార్డులోకి వెళ్తే పడుకున్నావిడ లేచి కూర్చోబోతున్నారు. "అత్తయ్యగారూ, కాసిని మంచినీళ్లు తాగనా?" అని అడుగుతున్నారు. తాగండి అంటేనే తాగుతున్నారు. పక్క మంచం ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, నీ వయసెంతమ్మా అని అడిగింది.

మీరు అడిగినవన్నీ రాశాను. అడగనిది ఒకటుంది. అది రాయడానికి ఈ బెంచీ మంచి చోటు కాదు.

మీ చెల్లెలి కోడలు
(ప్రస్తుతానికి అత్తయ్య)

---

మేడ మీది గది

అమ్మాయీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి విషయం కోసం, ఒకసారి నిచ్చెన కోసం. ఆ నర్సు పొడుగ్గా ఉంటుందా? ఉంటే మా చెల్లెలికి రోగమేమీ లేదు.

అత్తయ్య అంటున్నందుకు బెదిరిపోకు. ఆ మాట వెనక ఒక మనిషి ఉంది, నువ్వు చూడలేదు. మా చెల్లెలి అత్తగారు. ఆ లాండ్రీ ఆవిడ పెట్టిందే. భారీ మనిషి, నడిస్తే హ్యాంగర్లు ఊగేవి. మా చెల్లెలు మా నాన్నకు ఎదురు చెప్పింది, హెడ్మాస్టరుకు ఎదురు చెప్పింది, పెళ్లిలో ఫొటోగ్రాఫరుకు ఎదురు చెప్పింది. ఆవిడకు మాత్రం చెప్పలేదు. భయమనుకునేరు, అది కాదు. కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో మా చెల్లెలికి ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చి పడుకుండిపోయింది. లేచొచ్చేసరికి దాని వంతు చొక్కాలన్నీ ఇస్త్రీ అయి, దాని బల్ల మీదే, దాని పద్ధతి మడతలోనే ఉన్నాయి. ఆవిడ చేసింది. చేశానని అనలేదు. "పెట్టె వేడిగానే ఉంది, కానివ్వు" అంది. ఆ తర్వాత ఆవిడ గదిలోకొస్తే మా చెల్లెలు లేచి నిలబడేది. నేను దాన్ని చూడ్డానికి వెళ్లి ఎదురుగా నిలబడితే పట్టించుకోలేదు కాని, ఆవిడకు నిలబడింది.

కనుక దాని తలలో ఆ సొరుగు చిన్నదేం కాదు. అందులో చెయ్యి పడితే పడనీ.

తప్పు దిద్దకూడదన్న థెరపిస్టుతో నాకు పేచీ ఉంది. ముప్పై ఏళ్ల పైన బళ్లో వ్యాకరణం చెప్పి బతికినదాన్ని. దిద్దకపోతే లోకం ఏమైపోతుంది? ఆ సంగతి తర్వాత తేలుస్తాను.

అడగనిది ఒకటుందన్నావు. అడుగుతున్నాను.

పెద్దత్త

---

లాండ్రీ,
ఇస్త్రీ బల్ల దగ్గర

పెద్దత్తయ్యగారికి,

ఇంటికి తీసుకొచ్చేశాం. కౌంటరు వెనక ఆవిడ కుర్చీలో కూర్చోబెట్టకపోతే అన్నం ముట్టనన్నారు, కూర్చోబెట్టాం. మొదటి రోజే లాయరుగారు నల్లకోటు కోసం వచ్చారు. అత్తయ్యగారు ఆయన్ని చూసి సంతోషించి, చాలా మర్యాదగా, "మీ శవం రేపు సాయంత్రానికి రెడీ అవుతుందండీ" అన్నారు. ఆయన కళ్లజోడు సవరించుకుని, "తొందరేం లేదమ్మా, నిదానంగానే కానివ్వండి" అని వెళ్లిపోయారు. కోటు నేను ఇంటికి పంపించాను.

మీ అబ్బాయి, అదే మా ఆయన, వాళ్లమ్మ కుర్చీకి చక్రాలు బిగించారు. ఎందుకని అడిగితే "తిరగడానికి" అన్నారు.

ఇప్పుడు మీరడిగింది. పక్క పట్నంలో పెద్ద హోటల్లో బట్టల విభాగానికి సూపర్‌వైజరు కావాలంటే రాశాను. రమ్మన్నారు. ఉండటానికి క్వార్టర్సులో గది ఇస్తారు, వారానికో సెలవు. ఈయన వస్తూ పోతూ ఉంటారని అనుకున్నాం. ఇక్కడ నాకు కష్టమని కాదు. మరక చూసి ఏ మందు వెయ్యాలో, ఏ గుడ్డకు ఎంత వేడి పెట్టాలో అన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. నేర్చుకున్నానని ఆవిడ ఒక్కసారి అంటే ఇక్కడే ఉండిపోయేదాన్నేమో. అనలేదు. ఇంకొకచోటైనా అంటారేమోనని.

ఆ రోజు పొద్దున ఆవిడకు చెప్పాను. దుప్పట్లు మడతపెడుతున్నారు. తలెత్తలేదు. "ముందు ఈ దుప్పట్లు కానీ, తర్వాత మాట్లాడదాం" అన్నారు. ఇద్దరం చెరో అంచూ పట్టుకున్నాం. సగం మడతలో ఆవిడ వైపు అంచు జారిపోయింది.

ఆవిడ సరిగ్గా మాట్లాడిన ఆఖరి మాట అదే. ఇది ఈయనకు కూడా చెప్పలేదు. నా మాట వల్లే ఆవిడ మాట పోయింది పెద్దత్తయ్యా. ఉద్యోగానికి రానని రాసేస్తాను.

మీ కోడలు

---

మేడ మీది గది

ఏమే పిల్లా,

ఎక్కడిదక్కడ ఆపు. రక్తపోటు మా వంశంలో ఆస్తి. మా తాత మా నాన్నకిచ్చాడు, మా నాన్న మా అందరికీ సమంగా పంచాడు. ఆయన సమంగా పంచినది జీవితంలో అదొక్కటే. మధ్యలో వచ్చిన కోడలివి, అందులో నీకు వాటా లేదు. నీ ఒక్క మాటకు మంచాన పడే మనిషైతే నా మాటలకు ఎప్పుడో పోయేది. నేను దాన్ని ఊయల్లో ఉన్నప్పటినుంచీ అంటున్నాను.

నేర్చుకున్నావని అనలేదంటావు. మా ఇంట్లో ఎవరు ఎవరినన్నారు? కృతజ్ఞతలు అన్న మాట నేను పిల్లల చేత వ్యాసాల్లో రాయించాను, తప్పు రాస్తే గుంజిళ్లు తీయించాను, ఇంట్లో మాత్రం ఒక్కరి నోటా వినలేదు. మా మనవరాలు థాంక్స్ అంటుంది, తుమ్మినట్టు. మా అమ్మకు మంచినీళ్లిస్తే తాగి, "గ్లాసు అడుగున తడి తుడవొద్దూ?" అనేది. దాహం తీరిందని దానర్థం. పెద్ద పరీక్ష పొద్దున నా గౌను మీద సిరాబుడ్డి ఒంపుకున్నాను. మా చెల్లెలు ఒంటిమీది గౌను విప్పి నాకిచ్చి, మా అన్న చొక్కా తొడుక్కుని తన బడికి పోయింది. రోజంతా పిల్లలు దాన్ని తమ్ముడూ తమ్ముడూ అని ఏడిపించారట. సాయంత్రం నేను దానితో అన్నది ఏమిటో తెలుసా? "నీ గౌను చంకలో బిగువు." అది మురిసిపోయింది. పరీక్ష బాగా రాశానని దానికి అర్థమైంది.

ఈ భాష నీకెవరూ నేర్పలేదు. అది మా తప్పు, నీ తప్పు కాదు.

ఉద్యోగానికి వస్తున్నానని రాయి. మా చెల్లెలి దగ్గర నేనుంటాను. మా కోడలు వద్దంటోంది, నాలుగు రోజులు హాయిగా ఉంటుందని లోపల సంతోషంగానే ఉంది. పెట్టె సర్దుతోంది, నేను అడక్కుండానే.

పెద్దత్త

---

లాండ్రీ

పెద్దత్తయ్యగారికి,

మీరు రావద్దు. ఈ వయసులో మీకు ప్రయాణం మంచిది కాదు. మీకు వినపడదు, ఆవిడకు చెప్పరాదు. పిలిస్తే మీరు పలకరు, పలికినా ఆవిడ అడిగేది ఒకటి, మీరు తెచ్చేది ఒకటి. పైగా మీరు తప్పులు దిద్దుతారు. థెరపిస్టుగారికి మీ ఉత్తరం సంగతి చెబితే ఆవిడ ముఖం అదోలా పెట్టారు. ఈయన కూడా ఇదే అన్నారు. అంటే తల ఊపారు.

బాగా ఆలోచించి చెబుతున్నాను, వద్దు.

ఏ రైలుకి వస్తున్నారు?

కోడలు

---

లాండ్రీ,
కౌంటరు వెనక

హోటలు సూపర్‌వైజరుగారికి,

నువ్వు వెళ్లినప్పటి నుంచి ఇక్కడ అన్నీ సవ్యంగా ఉన్నాయి, పాలగిన్నె తప్ప. నేను ముందుగదిలో పేపరు చదువుతున్నాను. మా చెల్లెలు వంటింట్లోంచి "ఏనుగు, ఏనుగు" అని అరిచింది. పాలు పొంగుతున్నాయని దాని ఉద్దేశం. నాకది "ఏమిటి, ఏమిటి" అని వినపడింది. "ఏం లేదే, పేపరు" అని బదులు చెప్పాను. అది మళ్లీ ఏనుగంది, నేను మళ్లీ పేపరన్నాను. పాలు అయిపోయేదాకా ఇద్దరం ఓపిగ్గా మాట్లాడుకున్నాం.

మీ ఆయన వచ్చి గిన్నె చూసి, మమ్మల్ని చూసి, బయటికెళ్లి కొత్త గిన్నె కొనుక్కొచ్చాడు. ఒక్క మాట అనలేదు. వీడి నోటికి కూడా ఆ థెరపిస్టును పెట్టాల్సింది.

ఆ అమ్మాయికీ నాకూ మొదటి రోజే చెడింది. బొమ్మల కార్డులు చూపించి పేర్లు చెప్పిస్తుంది. మా చెల్లెలు కత్తెరను దువ్వెన అంటే ఆ అమ్మాయి "భలే, దగ్గరకొచ్చారు" అంటుంది. దగ్గరికి రావడమేమిటి, పరీక్షలో దగ్గరికొచ్చినవాడికి మార్కులేస్తామా అన్నాను. మరునాటి నుంచి పాఠమప్పుడు నన్ను వరండాలో కూర్చోబెడుతోంది. నా సర్వీసులో ఎంతమందిని వరండాలో నిలబెట్టానో, అందరి ఉసురూ ఇప్పుడు తగిలింది.

అయినా ఒప్పుకోవాలి, పని జరుగుతోంది. పిల్లి మళ్లీ ఇస్త్రీపెట్టె అయింది. శవం కోటయింది. నిచ్చెన నిచ్చెనే అయింది. చుట్టాల కార్డులు కూడా వచ్చేశాయి, తాత, మనవడు, మరిది, అత్త అన్నీ చెబుతోంది. ఒక్కటే రావడం లేదట. కొంగు చెక్కుకుని నిలబడ్డ పడుచుపిల్ల బొమ్మ. అది చూపిస్తే మా చెల్లెలు కార్డు వైపు చూసి, కిటికీ వైపు చూసి, ఊరుకుంటుంది. అన్నీ వచ్చి ఇదొక్కటి ఆగడం ఎక్కడా చూడలేదని ఆ అమ్మాయి పుస్తకాలు తిరగేస్తోంది.

నీ పని ఎలా ఉందో రాయి. బాగుందని రాయకు, ఎలా ఉందో రాయి.

పెద్దత్త

---

హోటలు క్వార్టర్సు,
రెండో అంతస్తు

పెద్దత్తయ్యగారికి,

ఎలా ఉందంటే, అంతా తెల్లగా ఉంది. దుప్పట్లు, తువ్వాళ్లు, దిండు గలీబులు. ఇంతలేసి రోలర్ల మధ్యకు తడి దుప్పటి ఒకవైపు పెడితే అటువైపు ఇస్త్రీ అయి మడతపడి వస్తుంది. మొదటి రోజు దాని అంచు పట్టుకోబోయాను. వదిలెయ్యండి మేడమ్, అదే చేసుకుంటుంది అన్నారు. ఇక్కడ బట్టలకు మనుషులుండరు. మన దగ్గరైతే చొక్కా చూసి ఎవరిదో చెప్పేదాన్ని, ఆయన ఈ వారం ఏం తిన్నాడో కూడా చెప్పేదాన్ని.

అందరూ థాంక్యూ మేడమ్ అంటారు. అనాలని గోడ మీద రాసిపెట్టారు. రోజంతా వింటాను, గదికి వచ్చేసరికి ఒక్కటీ మిగలదు.

పని చెయ్యలేక కాదు. నా కింద ఆడవాళ్లంతా నాతో బాగుంటారు, పాత రక్తం మరక నేను తీసి చూపిస్తే పక్క విభాగం వాళ్లు కూడా వచ్చి చూశారు. ఆ రోజు నాకు చాలా బాగుంది. అంతలో మీ ఉత్తరం వచ్చింది.

సెలవుకు ఇంటికొచ్చినప్పుడు మీరూ చూశారు కదా. నేను గడపలో కనపడగానే ఆవిడ బల్ల పట్టుకుని, ఆ కాలు ఈడ్చుకుని లేచి నిలబడతారు. "రండి అత్తయ్యా" అంటారు. నాకు అటునుంచి అటే పారిపోవాలనిపిస్తుంది. లోకంలో ఉన్న మాటలన్నీ తిరిగొచ్చి కోడలన్న మాట ఒక్కటే రాలేదంటే ఎందుకు రాలేదో నాకు తెలుసు. నేను వెళ్లిపోతానన్నాను, ఆ మాట నాకంటే ముందు వెళ్లిపోయింది. నేనొచ్చి ఇంట్లో కూర్చుంటే అదీ వస్తుందేమో.

రాజీనామా రాసిపెట్టాను. సోమవారం ఇచ్చేసి వచ్చేస్తాను. మీకు శ్రమ తప్పుతుంది.

కోడలు

---

లాండ్రీ,
వెనకగది

అమ్మాయీ,

ఇది సోమవారానికి ముందే నీకు అందాలని మీ ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. దారిలో ఎవరితోనూ మాట్లాడడు కనుక ఆలస్యం చెయ్యడు. రాజీనామా ఇవ్వకు. ఎందుకో చదువు.

మా అబ్బాయి నాకు చెవిమిషను పంపాడు. మొదట పెట్టుకున్నప్పుడు నా చెప్పుల చప్పుడుకే ఉలిక్కిపడి తీసేశాను. ఈ వారం మళ్లీ పెట్టుకున్నాను, జుట్టు కింద, ఎవరికీ కనపడకుండా. చెవిటిదాని ముందు మనుషులు ఏం మాట్లాడుకుంటారో వినాలని ఒక సరదా. చాలావరకు ఏమీ మాట్లాడుకోరు, నిరాశ పడ్డాను. నిన్న సబ్బుపొడి ఏజెంటు వచ్చాడు. నేను వెనకగదిలో బట్టలకు గుర్తు చీటీలు కుడుతున్నాను. మా చెల్లెలు సంచీలో చెయ్యి పెట్టి చూసి వాడితో అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మెల్లగా అంది, మధ్యమధ్య ఆగింది, కాని ఒక్క తప్పు లేదు.

"మా కోడలున్నప్పుడు ఇట్లాంటి సరుకు తెచ్చావా నువ్వు? మా కోడలు ముట్టుకుని చెప్పేది. దానికి తెలిసినంత నాకే తెలీదు. ఇప్పుడది పెద్ద హోటలు నడుపుతోంది. తీసుకుపో."

హోటలు నువ్వు నడపడం లేదని నాకు తెలుసు. నేను దిద్దలేదు.

వాడు వెళ్లాక ముందుకొచ్చి దాని ఎదురుగా కూర్చున్నాను. కోడలన్న మాట ఎప్పుడొచ్చిందే అన్నాను. అది నా చెవి వంక చూసింది, జుట్టు పక్కకి తీసి మిషను చూసింది, దొంగముండా అంది. అది కూడా తప్పు లేకుండానే అంది. నిన్ను అత్తయ్య అనడం మొదట్లో నిజంగానే పొరపాటున వచ్చేదట. ఆసుపత్రి నుంచి వచ్చిన కొన్నాళ్లకే సర్దుకుందట. మరి ఇంకా అత్తయ్య అంటావేమిటే, థెరపిస్టు చేత పుస్తకాలు తిరగేయిస్తున్నావు అన్నాను.

బల్ల మీది చొక్కాకు గుండీలన్నీ ఒక్కొక్కటే పెట్టింది. మాట దొరక్క కాదు. తర్వాత అంది:

"కోడలొస్తే నేను లేచి నిలబడితే చూసినోళ్లు నవ్వుతారక్కా. అత్తయ్యొస్తే నిలబడొచ్చు."

ఆసుపత్రిలో, ఇంట్లో నువ్వు దానికి చేసిన సేవంతా దానికి గుర్తుంది. నోట్లో ముద్ద పెట్టింది, ఒళ్లు తుడిచింది, లాయరుగారి కోటు చాటుగా ఇంటికి పంపింది అన్నీ. వీటికి ఏమంటారక్కా, నువ్వు చదువుకున్నావు కదా అని అడిగింది. నా దగ్గర వ్యాసాల్లో రాసే మాట ఒకటుంది. అది చెబితే బాగోదనిపించింది, చెప్పలేదు.

ఆ రోజు పొద్దున నువ్వన్నది కూడా దానికి గుర్తుంది. దుప్పట్లయ్యాక ఏం మాట్లాడదామనుకున్నావే అని అడిగాను. "హోటళ్లలో రెండు రకాల సబ్బు పెడతారు, చేతులు పగులుతాయి, నూనె రాసుకోమందామనుకున్నా" అంది. అంతే. అది ఆపబోలేదు నిన్ను.

ఇది నీకు చెబుతున్నట్టు దానికి తెలియదు. చెబితే నన్ను చంపుతుంది. ఈ సెలవు రోజున నేను ఇక్కడ ఉండను, పళ్ల డాక్టరు పిలిచాడని మా ఇంటికి పోతున్నాను. నిజానికి ఆ డాక్టరు పిలిచేటన్ని పళ్లు నాకు లేవు. నువ్వొచ్చి నీ అత్తను, నీ కోడలిని, ఎవరైతే వాళ్లను, నువ్వే చూసుకో.

పెద్దత్త

---

హోటలు క్వార్టర్సు

పెద్దత్తయ్యగారికి,

మీ పళ్లు కుశలమని తలుస్తాను.

రాజీనామా ఇవ్వలేదు. మీ అబ్బాయి ఉత్తరం చేతికిచ్చి నేను చదివేదాకా మెట్ల మీద కూర్చున్నారు. చదివి బయటికొచ్చి, అత్తయ్యగారి సంగతి నాకు చెప్పలేదేం అన్నాను, ఆ పొద్దుటి సంగతి ఆయనకు చెప్పనిది నేనని మర్చిపోయి. ఆయన నా చేతులు తిప్పి చూసి, జేబులోంచి చిన్న నూనె సీసా తీసి ఇచ్చారు. అమ్మ ఇచ్చింది అన్నారు.

సెలవుకు ఇద్దరం కలిసే వెళ్లాం. షాపులో లాయరుగారున్నారు, వాళ్లావిడ ఉన్నారు. అత్తయ్యగారు ఆయన నల్లకోటు కాలరు చూస్తున్నారు. నన్ను చూడగానే బల్ల పట్టుకుని లేచారు. "రండి అత్తయ్యా" అన్నారు. లాయరుగారు వాళ్లావిడ చెవిలో, పాపం ఇంకా తగ్గలేదు అన్నారు. అత్తయ్యగారు విన్నారు. ముఖంలో ఏమీ లేదు. నేను ముఖం చూస్తూనే ఉన్నాను, ఎంత చూసినా ఏమీ లేదు. మీ ఇంట్లో అందరూ ఇది ఎక్కడ నేర్చుకున్నారు?

దారంతా ఏం చెయ్యాలో అనుకుంటూనే వచ్చాను. కాళ్ల మీద పడాలనుకున్నాను, ఏడుస్తాననుకున్నాను, నాకు తెలిసిపోయిందని చెప్పేస్తాననుకున్నాను. నోటికి వచ్చింది మాత్రం ఇది.

"కూర్చో కోడలా. ఆ కాలరు నేను చూస్తాలే."

ఆవిడ నన్ను చూశారు. చాలాసేపు. ఆవిడకు తెలిసిపోయింది, నాకు తెలుసని. మీకు ప్రాణగండం ఉంది, కొన్నాళ్లు అక్కడే ఉండండి. ఆ తర్వాత మెల్లగా కూర్చుని, "అలాగేనండీ అత్తయ్యా. కాలరు మాత్రం మీరు ముట్టుకోకండి, పాడుచేస్తారు" అన్నారు.

అప్పుడు గుమ్మంలో నిలబడి ఉన్న మా ఆయన ఎవరూ అడక్కుండా నోరు తెరిచారు.

"అయితే నేను మామయ్యనా?"

అత్తయ్యగారు నవ్వారు. జబ్బు చేశాక ఆవిడ నవ్వడం నేను చూడలేదు. అసలు అంతకుముందు కూడా చూశానో లేదో గుర్తులేదు. ఒక పక్క పెదవి ఇంకా సరిగ్గా లేవడం లేదు, ఉన్న పక్కతోనే నవ్వారు. లాయరుగారు కూడా నవ్వి, ఎందుకు నవ్వుతున్నారో తెలియక కోటు లేకుండానే వెళ్లిపోయారు.

మధ్యాహ్నమంతా ఆవిడ పక్క బల్ల దగ్గర పని చేశాను. నా మడత ఒకటి విప్పి మళ్లీ వేశారు. హోటల్లో ఇట్లాగే వేస్తారా అన్నారు. మిషను వేస్తుందన్నాను. "మిషనుకేం తెలుసు" అన్నారు. మీరు నేర్పిన భాష ప్రకారం దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకు తెలిసింది. బస్సులో దాన్ని చాలాసార్లు అనుకున్నాను.

సాయంత్రం బయల్దేరేటప్పుడు గడప దాకా వచ్చారు. మా ఆయన చక్రాల కుర్చీ తెచ్చి వెనక పెట్టారు. ఆవిడ చూడలేదు. నేను వీధి మలుపు తిరిగేదాకా, గుమ్మం పట్టుకుని, నిలబడే ఉన్నారు.

కూర్చోమని నేను అనలేదు.

మీ కోడలు